ముప్పై ఒకటో రోజు

అమ్మకు నమస్కరించి రాసేది. నేనూ, నీ కోడలూ, పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కకు నెలలు నిండాయి కాబట్టి నువ్వు అక్కడ ఉండడమే మంచిది. మా కోసం హడావిడిగా బయలుదేరకు.

నీ ఉత్తరం మొన్న అందింది. స్నానాల గదిలో కుళాయి బాగుచేయించాను. నీ కోడలికి దగ్గు తగ్గింది. పాపకు ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఎవరైనా నవ్వితే మూతి ముడుచుకుని గోడవైపు తిరిగిపోతోంది. నీ మోకాలి పట్టీ బిగుతుగా ఉంటే మార్పించుకో, మొహమాటపడకు.

ఆఫీసు సంగతి అడిగావు. మా వృద్ధుల హోమ్‌కి కొత్త కంప్యూటర్ వచ్చిందని పోయినసారి గొప్పగా రాశాను కదా. అందులో జాబితాలు తయారుచేసుకునే ఆఫీసు సాఫ్ట్‌వేర్ లేదు. కొనమని అడిగితే మేనేజరు, "ముప్పై రోజులు ఊరికే వాడుకోనిస్తారట కదయ్యా, ముందు అది పెట్టు. ఈలోగా చూద్దాం" అన్నాడు. ఆ ట్రయల్ వెర్షన్ నేనే ఎక్కించాను. నలభై ఇద్దరు పెద్దవాళ్ళలో ఎవరికి ఉప్పు మానేయాలి, ఎవరికి రుబ్బి పెట్టాలి అన్న భోజనాల జాబితా అంతా అందులోకే మార్చాను. గడువు తీరాక ఏమవుతుందో రాసే ఉంటుంది, చదవలేదు. ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టమంటే పెట్టాను. ఇన్ని రోజులే మిగిలాయంటూ రోజూ తెర మీద ఒక పసుపు పట్టీ వచ్చేది. ఈగను తోలినట్టు దాన్ని మూసేసేవాణ్ణి. రెండుసార్లు మేనేజరుకు గుర్తుచేశాను. "కొంప మునిగిపోదులే" అన్నాడు.

ముప్పై ఒకటో రోజున జాబితా తెరుచుకుంది, ప్రింటు కూడా వచ్చింది. కానీ ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

మార్చవలసింది ఆ రోజే వచ్చింది. గడియారాల తాతయ్య నీకు తెలుసు, నీ చేతి గడియారం విప్పి బిగించిపెట్టిన ఆయనే. ఆయనకు పక్షవాతం రెండోసారి కొద్దిగా తగిలి మింగడం కష్టమైంది. "ఇవాళ్టి నుంచి అన్నీ రుబ్బి పెట్టాలి. నోటికి ముక్క తగలకూడదు" అని డాక్టరు పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. పెన్నుతో దిద్దితే సరిపోతుందనుకున్నాను. రెండు కాపీలు తీశాను, ఒకటి వార్డు గోడకి, ఇంకొకటి వంటగది గోడకి. మొదటిది దిద్దాను. ఇంతలో ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి, రెండోది దిద్దకుండానే తీసుకెళ్ళి వంటగదిలో పిన్ను గుచ్చి వచ్చాను.

మధ్యాహ్నం ఆయన పళ్ళెంలోకి ఆపిల్ ముక్కలు వెళ్ళాయి. వంటగది నుంచి వచ్చింది సరిగ్గానే ఉంటుందని ఆయా తినిపించింది. ముక్క గొంతులో అడ్డుపడితే నర్సు వీపు మీద చరిచింది, పొట్ట దగ్గర పట్టి నొక్కింది. అంబులెన్సు వచ్చేసరికి అంతా అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ మర్నాడే కొన్నారు. పది నిమిషాల పని. జాబితా మళ్ళీ మార్చనిచ్చింది. అందులో నేను చేసిన మొదటి మార్పు, ఆయన పేరున్న వరస తీసేయడం.

అమ్మా, నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు: "వదిన ఎందుకు ఫోన్ తీయడం లేదురా? నా మీద ఏమైనా కోపమా?" ఇంతసేపూ దానికి జవాబు రాయలేకే మిగతావన్నీ రాశాను.

ఆ రోజు అందరూ వార్డులోకి పరుగెత్తారు. నేను వంటగదిలోకి వెళ్ళాను. గోడ మీద కాగితం ఉంది. తాతయ్యకు ఎదురుగా 'మామూలు భోజనం' అనే ఉంది. దాన్ని పీకి, మడిచి, జేబులో పెట్టుకున్నాను. ఎందుకు చేశానని అడిగితే భయంతో అని తప్ప ఇంకో మాట లేదు.

మేనేజరు వార్డు కాపీలో దిద్దిన అక్షరాలు చూపించి, నువ్వు వదినా అని పిలిచే మన వంట అత్తయ్యను నిలదీశాడు. "నేను చూసిన కాగితంలో మామూలే అని ఉంది బాబూ" అంది. "ఏదీ, ఎక్కడుంది?" అన్నాడు. ఆమె గోడకేసి చూసింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు బట్టల గదిలో, ఆమె వంటగదిలో పన్నెండేళ్ళు కలిసి పనిచేశారు. నన్ను ఆ ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టమని యాజమాన్యాన్ని బతిమాలింది ఆమే. ఆ సాయంత్రమే ఆమెను తీసేశారు.

పదకొండు రోజులు నేను ఆ కాగితం బయటపెట్టలేదు. పన్నెండో రోజు అత్తయ్య వంటగది తాళాలు ఇచ్చెయ్యడానికి వచ్చింది. నా బల్ల ముందు నిలబడి, "నా కళ్ళే పోయాయేమో నాయనా. ఎంత ఆలోచించినా మామూలు అని చదివినట్టే గుర్తు. చేతులారా ఆయన్ని చంపేశానంటావా?" అంది.

అప్పుడు కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదురా" అంది.

మేనేజరుకు చూపిస్తే, "చించి పారెయ్, ఇద్దరం పోతాం" అన్నాడు. తాతయ్య చావు మీద విచారణకు వచ్చిన అధికారికి ఇచ్చేశాను. తాతయ్య కూతురికీ నేనే వెళ్ళి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "ఎంతసేపు ఊపిరాడలేదు?" అని అడిగింది. చెప్పాను. తలుపు వేసుకుంది.

నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. సోమవారం విచారణ. జైలు దాకా వెళ్ళవచ్చని వకీలు అన్నాడు. నీ కోడలికి అంతా తెలుసు. అత్తయ్యను మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. ఆ వంటగదిలోకి అడుగుపెట్టలేనంది. నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, "మీ అమ్మ ఫోన్ చేస్తోంది. తీస్తే నా నోటి నుంచే వినాల్సి వస్తుందని తీయడం లేదు. నువ్వే చెప్పుకో" అంది.

ఇది చదివాక ఆమెకు ఫోన్ చెయ్యి. ఈసారి తీస్తుంది. ఆమె చెప్పేది విను, ఏడిస్తే ఏడవనివ్వు. నన్ను క్షమించమని మాత్రం నా తరఫున అడగవద్దు.

ఇట్లు,
నీ దగ్గర కూడా ఇన్నాళ్ళూ నిజం దాచిన
నీ కొడుకు