దాదీ తస్బీ

బెల్లంపల్లి,
శుక్రవారం.

మహెక్ బేటాకు అమ్మీ రాసేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే మీ అబ్బా, ఆయన కుట్టుమిషను, ఎదురింటి పిల్లి. నా సంగతి కింద రాస్తాను. ఉట్నూరులో నీ బడి, నీ గది, నీ వంట బాగున్నాయని తలుస్తాను. ఫోను చేస్తే మీ అబ్బా పక్కనే చెవులు పెట్టుకుని కూర్చుంటారు. అందుకే ఈ కాగితం.

ముందు నువ్వడిగినవి. అన్నం తింటున్నాను, రుచి తెలియకపోయినా. క్యాన్సరుకు కరెంటు పెట్టడం ఇరవై అయిదు రోజులకు అయిపోయింది. గర్భసంచి దగ్గరి గడ్డ తగ్గలేదట, పక్కకు పాకిందట. డాక్టరమ్మ ఆ మాట నా మొహం చూసి చెప్పలేక గోడకు చెప్పింది. నెత్తురు పోతూనే ఉంది.

"నమాజులో నా పేరు తలుచుకుంటున్నావా అమ్మీ" అని రాశావు. లేదు బేటా. మొన్నటి దాకా పదకొండు నెలలు నేను నమాజే చేయలేదు. నెత్తురు కనబడ్డ రోజే నమాజు చాప, జానమాజు, మడిచి అలమారా మీద పెట్టేశాను. ముట్టు రోజుల్లో మనకు నమాజు లేదు కదా, ఇదీ అంతే అనుకున్నాను. రంజానులో మీ అబ్బా రోజా ఉంటే, నేను దొంగలా వంటింట్లో నీళ్లు తాగాను. రోగం ఇచ్చింది చాలక తలుపు కూడా వేసుకున్నాడేమిటని అల్లా మీద అలిగాను.

ఆస్పత్రిలో నా పక్క మంచం మీద ఇర్షాద్ అని ఒక ఉర్దూ టీచరమ్మ ఉండేది. ఆమెదీ నా రోగమే. గుడ్డ మార్చుకుని, మొహం కాళ్లు చేతులు కడిగి వజూ చేసి, మంచం మీదే నమాజు చదువుతుంటే చూసి నాకు ఒళ్లు మండింది.

"నీకు నెత్తురు పోతలేదా?" అన్నాను.

"పోతుంది ఆపా. రోగంతోని పోయే నెత్తురు ముట్టెట్లయితది? గుడ్డ మార్చుకోవాలె, పూటపూటకు వజూ చేయాలె, గంతే. మీ తాన ఎవ్వలు చెప్పలేదా?"

ఇంటికొచ్చి మీ అబ్బాను అడిగాను. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూనే, "నాకెరుకే. రంజాన్లనే ఇమామ్ సాబ్‌ను అడిగిన" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పకపోతిరి?"

"గా నెత్తురు ముచ్చట నీతోని ఎట్ల మాట్లాడాలె? జర షరమనిపించింది."

ముప్పై ఏళ్ల కాపురం! మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కూర మాత్రం వండి పెట్టాను, ఉప్పు వేయకుండా.

నాలుగో రోజు మీ దాదీ, మా అత్తమ్మ, గుర్తుకొచ్చింది.

దాదీ తస్బీ పంపమని మూడు ఉత్తరాల్లో అడిగావు. వెతుకుతున్నానని రాశాను. అబద్ధం. ఆ పూసల దండ నా పెట్టెలోనే ఉంది. నీకు ఆరేళ్లప్పుడు ఆమెకూ ఇలాగే నెత్తురు పోయేది. "గిది ముట్టు కాదు బేటీ, నాకు అరవై దాటినయ్. జర నా తస్బీ నాకియ్యి" అని బతిమాలేది. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కున్నది నేనే. నాపాక్ చేతులతో, మైల చేతులతో అల్లా పేరు తీయొద్దని అరిచాను. ఆమె మంచం తీసి వెనక రేకుల కింద వేయించాను. నాలుగు నెలలు అల్లా పేరు ఒట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నేను కనబడితే చెయ్యి దుప్పటి కింద దాచుకునేది. పోయిన రోజు పొద్దున కూడా అడిగింది. ఇవ్వలేదు.

తెలియక చేశాననుకోకు. తెలుసుకుందామని నేను ఎవరినీ అడగలేదు. నమాజుకు కూర్చోబెట్టాలంటే పూటపూటకూ ఆమె గుడ్డలు మార్చాలి, ఉతకాలి. ఆ ఉతుకుడు నాకు అసహ్యమనిపించింది. అసహ్యమని చెప్పలేక అల్లా పేరు పెట్టాను. ఆమెకు చెప్పిన ఆ మాటనే, రోగమొచ్చాక నేను నిజమని నమ్మి పాటించాను. మీ అబ్బాకు ఇదేమీ తెలియదు. తన తల్లి ఇష్టపడే వెనక రేకుల కిందికి వెళ్లిందనుకుంటారు.

నిన్నటి నుంచి నమాజు చేస్తున్నాను, పడుకునే, కళ్లతోనే. వంగితే ప్రాణం పోతుంది. నీ పేరు తలుచుకున్నాను. దాదీ పేరు దగ్గరికొచ్చేసరికి నోరు రావడం లేదు.

తస్బీ ఈ కవరులోనే పెట్టాను. నా చేతికి అది వద్దు. ఎండాకాలం సెలవులకు నువ్వొస్తావు. అప్పటికి నేనుంటే నా పక్కబట్టలు నీ నెత్తిన పడతాయి. విసుగొస్తే విసుగొచ్చిందని నా మొహం మీదే చెప్పు. అల్లా పేరు మాత్రం పెట్టకు.

ఇట్లు,
మీ దాదీకి కోడలు, నీకు అమ్మీ,
షహర్ బానో