మా దీవికి గాలి చెప్పే మనిషిని ఒక్క శనివారం మార్చుట గురించి

ఉత్తర ప్రాంత విమానాశ్రయాల పెద్ద అధికారి వారి సముఖమునకు, ఐస్‌లాండ్ ఉత్తర కొసన సూల్నే దీవిలో గొర్రెలు పెంచుకొను స్తుర్లా కెటిల్సన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: పై నెల మొదటి శనివారం మా రన్‌వే వద్ద గాలి కొలుచుటకు ఒడ్నీకి బదులు వేరొక మనిషిని పంపుట, తద్వారా నా పెళ్లి జరుగుట గురించి.

నాకు రాత తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. తప్పులుంటే తమరే దిద్దుకుని చదువుకోవలెను.

1. నేను భార్య పోయినవాడిని. ఒడ్నీ భర్త పోయిన మనిషి. ఇద్దరమూ అరవై దాటినవాళ్లము గనుక మా పెళ్లికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, తమరి అనుమతి తప్ప. తమరిది ఎందుకనగా, మా దీవిలో గాలి కొలిచి, నేల చూసి, రేడియోలో పైలట్‌కు చెప్పే పరీక్ష పాసైన మనిషి ఆమె ఒక్కతే. ఆమె రేడియో గదిలో లేనిదే విమానం దిగరాదని తమ నిబంధన. అందుచేత ఆమె దీవి వదిలిపోయి పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. పాస్టరే రావాలి.

2. పాస్టరు కోల్బెయిన్ గారు విమానంలో తప్ప రారు. పడవలో ఒకసారి వచ్చి, బాప్తిస్మం ఇవ్వాల్సిన పసిబిడ్డ కన్నా ఎక్కువ కక్కారు. సముద్రం దేవుడు చేసింది కాదని అప్పటినుంచి ఆయన అభిప్రాయం.

3. నాలుగు శనివారాలు విమానం మా నెత్తిమీద దాకా వచ్చి వెనక్కి పోయినది. నాలుగుసార్లూ నేను పెళ్లి కోటుతో ట్రాక్టరెక్కి రన్‌వే మీది గొర్రెలను తోలితిని. నాలుగుసార్లూ ఒడ్నీ అంచు కుట్టిన నల్ల పెళ్లి గౌను వేసుకుని, కుచ్చు టోపీ మీదే రేడియో చెవులు తగిలించుకుని కూర్చున్నది. మూడోసారి గొర్రెలను త్వరగా తోలేసి ఆ గదిలోకి పోయాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

“ఒడ్నీ, గాలి ఎట్లా ఉందమ్మా?” అని పైన పైలట్ హ్యాల్తి.

“పడమటి నుంచి అడ్డంగా కొడుతోంది.”

“నేల?”

“మంచు గడ్డ కట్టింది. బ్రేకు అంతంతమాత్రం.”

“మరి నీ పెళ్లో?”

“పెళ్లి సంగతి వాతావరణంలోకి రాదు. వెనక్కి పో.”

అయ్యా, ఆ గొంతులో ఒక్క వణుకైనా లేదు. ఉల్లిపాయల బస్తా సంగతి చెప్పినట్టు చెప్పింది.

4. వండిన విందు మిగల్చకపోవడం మా దీవి ఆచారం. పెళ్లి జరిగిందా లేదా అన్నది వేరే సంగతి. నాలుగు విందులకు పొగబెట్టిన గొర్రె మాంసం, పులియబెట్టిన సొరచేప, సారా, అన్నీ నావే. మా పక్కింటి గీస్లి మూడుసార్లు వడ్డించుకుని మూతి తుడుచుకుంటూ, “ఈసారి మాంసం కాస్త ఉప్పగా ఉంది ముసలోడా, ఐదోసారి చూసుకో” అన్నాడు. శనివారం గాలి వీచాలని ఊరు ఊరంతా చర్చిలో మోకరిల్లుతున్నట్టు నాకు అనుమానం.

5. మంగళవారం విమానం మాత్రం పిల్లి దూకినట్టు మెత్తగా దిగుతుంది. మొన్న గీస్లి మరుగుదొడ్డికి కొత్త మూత తెచ్చింది. మరుగుదొడ్డి మూతకు దిగే విమానం పాస్టరుకు దిగదా? మంగళవారమే రమ్మంటే, ఆ రోజు ఆయన చచ్చినవాళ్లకు కేటాయించారట. మేము ఇంకా ఆ లెక్కలోకి రాలేదు.

6. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఒడ్నీ కావాలనే గాలి ఎక్కువ చెబుతోందని ఊళ్లో అంటున్నారు. ఆ మాట అన్నవాడిని ఒకడిని రేవులో నీళ్లలోకి తోశాను. కానీ నాలుగోసారి విమానం పోయాక ఆమే అన్నది, “ఐదోసారి కూడా పోతే ఈ పెళ్లి మాట ఇక ఎత్తొద్దు స్తుర్లా” అని. ఎందుకని అడిగితే చెప్పలేదు. నేనంటే ఇష్టం లేకపోతే మొహం మీద అనాలి గానీ గాలి మీద పెట్టకూడదు.

కావున, ఆ శనివారానికి వేరొక మనిషిని పంపవలెను. వాడు కొలిచి చెప్పినప్పుడు కూడా విమానం దిగకపోతే అది గాలి తప్పు, ఒడ్నీది కాదని నాకు తెలుస్తుంది. నేను గాలిని ఆపమని అడుగుటలేదు. అది తమ వల్ల కూడా కాదు.

ఇది చిత్తగించవలెను. చిత్తగించినట్టు కబురు కూడా పంపవలెను.

గాలికి తప్ప ఎవరికీ తల వంచని
తమ విధేయుడు
స్తుర్లా కెటిల్సన్

తా.క. చాటుగా రాసే అలవాటు నాకు లేదు. తపాలా సంచి కూడా ఒడ్నీ చేతి మీదుగానే పోవాలి. అందుకని కవరు అంటించకుండా ఆమెకే ఇచ్చి చదవమన్నాను. చదివి, కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

“నువ్వు గాడిదవి స్తుర్లా.”

“అది అర్జీలో లేదే.”

“నేను గాలి పెంచి చెప్పానా?”

“ఊళ్లో అంటున్నారు.”

“ఊళ్లోవాళ్ల సంగతి కాదయ్యా. నువ్వేమంటావు?”

నేను కిటికీ వైపు చూశాను.

“కిందటిసారి తగ్గించి చెప్పాను,” అన్నది. “గాలి కొలిచే ముల్లు ఎక్కడుందో చూస్తూనే అబద్ధం చెప్పాను. హ్యాల్తి నమ్మి కిందికి వచ్చేశాడు. రన్‌వే చివర గాలిసంచి కర్రలా బిగుసుకోవడం చూసి మళ్లీ లేచాడు. చూడకపోయుంటే? లోపల ఆరుగురు మనుషులున్నారు. ఇంకోసారి ఆ కుర్చీలో పెళ్లి గౌనుతో కూర్చుంటే మళ్లీ తగ్గిస్తాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే ఈ మాట ఎత్తొద్దన్నాను.”

కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, కాగితం నా ముందుకు తోసి, “ఇది కూడా రాయి. వాళ్లకు తెలియాలి” అన్నది. రాశాను.

కనుక 6వ అంశము కొట్టివేయవలెను. కోరిక మాత్రం కొట్టివేయరాదు. గాలి పెంచి చెబుతున్నదని వేరే మనిషిని పంపమంటిని, ఇప్పుడు తగ్గించి చెబుతున్నదని పంపమంటున్నాను. ఆమెను ఉద్యోగం నుంచి తీసివేయదలిస్తే అది తమ ఇష్టం, కానీ ఆ శనివారం లోపే తీసివేయవలెను. కొత్త మనిషిని దానికి ముందు వచ్చే మంగళవారమే పంపవలెను, భోజనం మాది. వాడు గాలి ఉన్నదున్నట్టు చెబితే చాలు. పాస్టరు దిగకపోతే దిగకపోనీ, ఆ పూట ఒడ్నీ ముల్లు ముందు గాక నా పక్కన కూర్చుని తింటుంది.