వదిన కలపాల్సిన బీకో

వదినా,

శనివారం పొద్దున లుసేనా బస్సుకే వచ్చెయ్యి. ఆదివారం మగపెళ్లివారు మా లిగాయాను అడగడానికి వస్తున్నారు. వాళ్లకు పెట్టే బీకో మిఠాయి కోసం జిగురు బియ్యం, కొబ్బరికాయలు, నల్లబెల్లం తెచ్చి ఉంచాను.

భర్త పోయి ఏడాది తిరగలేదు కాబట్టి, నీ చేయి తగిలిన బీకో తింటే కొత్త జంట అతుక్కోదని కబురు పంపావు. ఆ మాట లిగాయాకు చెప్పాను.

"అమ్మా, నువ్వొక్కదానివే కలిపితే అది మూకుడుకే అతుక్కుంటుంది. అత్తను రమ్మను" అంది.

"పోయినసారి ఉలితో గీకాం" అన్నారు మా ఆయన.

వదినా, పోయినవాడు నాకు అన్నయ్య. నువ్వన్నట్టయితే నా చేయి కూడా తగలకూడదు. మరి పిల్లకు బీకో ఎవరు చేస్తారు? అన్నయ్య పోయిన దుఃఖానికి నేనూ ఇంకా నల్లగౌన్లే వేసుకుంటున్నాను. ఇద్దరం వాటితోనే పొయ్యికి చెరో పక్క నిలబడి కలుపుదాం.

నీ ఆడపడుచు