ఖాళీ కూతలు

హైదరాబాద్,
ఫిబ్రవరి 6

ప్రియమైన నాగరాణికి,

బేటా, ఉత్తరం చూసి నవ్వకు. డాక్టర్లు గొంతులోని గడ్డతో పాటు గొంతునూ తీసుకున్నారు. ఫోన్ చేస్తే నేను గాలి ఊదుతాను, నువ్వు హలో హలో అంటూ ఉంటావు. ఫోన్‌లోనే రాద్దామంటే నా వేలు ఒక అక్షరం నొక్కితే అద్దం మీద ఇంకోటి పడుతుంది. కాగితమే నయమనిపించింది. మన జహీరాబాద్ బస్సు కండక్టర్ సాయన్న తెచ్చి ఇస్తాడు, జవాబు అతని చేతికే ఇవ్వు. ఇంట్లో మా జహీరా, "జర మెల్లగ రాయున్రి, కలం గూడ అరుస్తున్నది" అని ఆటపట్టిస్తోంది.

ఇక పని మాట. ప్రిన్సిపాల్ విరూపాక్ష గారు కబురు చేశారు. మన కాలేజీ అమ్మాయిల కబడ్డీ జట్టుకు రైడింగ్ కోచ్‌గా నీకిది మొదటి సీజన్. అది ఎలా గడిచిందో పెద్ద కోచ్‌గా నేను రాసి ఇవ్వాలట. నిన్ను ఉంచాలా వద్దా అన్నది కమిటీ నా రిపోర్టు చూసి తేలుస్తుంది. నెలాఖరులోగా ఇవ్వాలి.

స్కోరు షీట్లు తెప్పించుకున్నాను. మన జట్టు పిల్ల ఫరీన్ లైను పక్కనే కూర్చుని తీసిన వీడియోలు కూడా చూస్తున్నాను. శబ్దం ఆపేసి చూస్తున్నాననుకో. ఆ పిల్లల కూతలు చెవిన పడితే నాకు లోపల ఏదో అవుతుంది, తట్టుకోలేను.

చూసినంతలో నాకు నచ్చలేదు, దాచడం ఎందుకు. పోయినేడు కప్పు తెచ్చాం. ఈ ఏడు సెమీఫైనల్లోనే ఇంటిదారి పట్టాం. మన పిల్లలు కూతకు వెళ్లి ఎవరినీ ముట్టకుండా ఊరికే తిరిగొస్తున్నారు. ఖాళీ కూత మీద ఖాళీ కూత. మెహ్రీన్ లాంటి పిల్లను చేతిలో పెట్టుకుని ఈ పిరికి ఆట ఏమిటి? నీ ఆలోచన ఏమిటో రాయి.

నీ మేలు కోరే,
అబ్దుల్ సమద్


జహీరాబాద్,
ఫిబ్రవరి 10

ప్రియమైన సమద్ సార్‌కు నమస్కారాలు.

సార్, మీ ఉత్తరం గ్రౌండు అవతలి గట్టు నుంచి అరిచినట్టే వినబడింది. తిట్టినా సరే, ప్రాణం లేచొచ్చింది. సాయన్న చేతికి కోహీర్ జామపండ్లు ఇచ్చాను. మింగడానికి వీలైతే తినండి, లేకపోతే జహీరా అమ్మకు ఇవ్వండి.

నా ఆలోచన చెబుతాను. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడో కూతలో పాయింటు తెచ్చి తీరాలి, తేకపోతే వెళ్లినవాళ్లు ఔట్. ఈ సంగతి నాకు నేర్పింది మీరే. మూడో కూత వస్తోందంటే ఎదుటి జట్టుకు ఆత్రం పుడుతుంది, ఎలాగైనా పట్టేయాలని ముందుకు దూకుతారు. అలా దూకినవాళ్లను ముట్టడం తేలిక. అందుకే మొదటి రెండింటికీ బస్వమ్మనూ ఇంకో పిల్లనూ పంపి, మూడోదానికి మెహ్రీన్‌ను దించాను. ఆమె వెళ్లింది, ముట్టింది, వచ్చేసింది. లోపల తిరుగుతూ కూర్చోవద్దని చెప్పింది నేనే.

ఝరాసంగం బస్వమ్మకైతే ఏడుపొక్కటే తక్కువ. "మేడం, నేను ఉత్తగ పోయి ఉత్తగ వచ్చుడేనా? మా ఊరోళ్లు నవ్వుతున్రు" అంది. "నవ్వనియ్యి. నువ్వు పొయ్యి జర టైం తినేసి రా, గదే నీ పని" అన్నాను. పాపం, సీజనంతా ఆ పని చేసింది. షీటులో ఆమె పేరు పక్కన సున్నాలే కనిపిస్తాయి.

మీ పద్ధతిలో మెహ్రీన్ ప్రతి కూతకూ వెళ్లేది. నా పద్ధతి వేరు. తప్పనిపిస్తే తప్పనే రాయండి సార్, కానీ పిరికి ఆట అనకండి. ఆ మాట నాకు గుచ్చుకుంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.
మీ శిష్యురాలు,
నాగరాణి


హైదరాబాద్,
ఫిబ్రవరి 15

ప్రియమైన నాగరాణికి,

జామపండ్లు జహీరా తిన్నది. నేను వాసన చూశాను.

పిరికి ఆట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ ఆలోచనలో పస ఉంది. మళ్లీ వీడియోలు చూస్తే బస్వమ్మ నడకలో కూడా తెలివి కనిపించింది. కానీ సెమీఫైనల్ సంగతి దాటేశావు. నేను దాటను.

రెండు జట్లకూ సమానంగా పాయింట్లు. ఆట ముగియవస్తోంది. మన కూతలు రెండు ఖాళీగా పోయాయి, ఇక మూడోది. నీ లెక్క ప్రకారమే అది మెహ్రీన్ వెళ్లాల్సిన కూత. ఆ పిల్ల లైను దగ్గరికి వచ్చేసింది కూడా. అప్పుడు నువ్వు టైమ్ అడిగి, ఆమెను బయటికి పిలిచి, బస్వమ్మను పంపావు. బస్వమ్మను కాలు పట్టి పడేశారు. ఆట అక్కడే పోయింది. మెహ్రీన్ బెంచీ మీద ముఖం తిప్పుకుని కూర్చుంది, నువ్వు నీళ్లు ఇస్తే తోసేసింది. ఇవన్నీ వీడియోలో ఉన్నాయి.

ఆమె తండ్రి మునీర్ కాలేజీకి వచ్చి గొడవ చేశాడట. తెలుసుగా, చిరాగ్‌పల్లి రోడ్డు మీద పరుపుల దుకాణం అతనిది. తన బిడ్డ మీద కక్షతోనే కూర్చోబెట్టావని రాసిచ్చాడు. ఆ కాగితం కమిటీ ముందు ఉంది. నేను రాసేదానికి అదే అడ్డం.

ఎందుకు తీశావు? ఒక్క కారణం రాయి. నీ మీద నమ్మకం లేక కాదు, అడిగినవాళ్లకు చెప్పడానికి నాకు ఏదో ఒకటి ఉండాలి. ఏమీ రాయకపోతే, కీలకమైన చోట తడబడిందని రాయక తప్పదు నాకు.

నీ మేలు కోరే,
అబ్దుల్ సమద్


జహీరాబాద్,
ఫిబ్రవరి 19

సమద్ సార్‌కు,

తడబడలేదు. తెలిసే తీశాను. రేపు మళ్లీ అలాంటి ఆట వచ్చినా తీస్తాను.

కారణం ఉంది, కానీ అది నాది కాదు. మాట ఇచ్చాను. ఆ మాట తప్పితే నా ఉద్యోగం నిలబడుతుందేమో, ఇంకొకరి ఆట పోతుంది. ఇంతకంటే రాయలేను. దయచేసి మళ్లీ అడగకండి.

ఇంకొకటి. నిన్న ఆఫీసులో విన్నాను. వచ్చే ఏడాది జట్టుకు ఇద్దరు కోచ్‌లు ఉండరట, ఒక్కరే ఉంటారట. ఈ సంగతి మీకు ముందే తెలుసని ప్రకాశం క్లర్కు చెప్పాడు. రెండు ఉత్తరాలు రాశారు, ఈ ముక్క మాత్రం రాయలేదు. నా సీజన్ చెడ్డదని తేలితే మీ చోటు మీకు మిగులుతుంది. ఇది నా నోటితో అనాల్సి వస్తుందనుకోలేదు. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ బదులు రోజూ పిల్లలను పరిగెత్తించింది ఈ మాట అనడానికి కాదు.

రాయండి సార్. మీ చేతిలో ఉంది.

నాగరాణి


జహీరాబాద్,
మార్చి 2

ప్రియమైన నాగరాణికి,

ఉత్తరం మీద ఊరి పేరు చూశావా? మీ ఇంటికి రెండు వీధుల అవతల, మా తమ్ముడు నదీం ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఎదురుపడితే నువ్వు మాట్లాడతావు, నేను చేతులూపుతాను. అందుకే ముందు ఈ కాగితం చదువు.

నీ ఉత్తరం చదివి నాకు చాలా కోపం వచ్చింది. రెండు పూటలు జహీరాతో కూడా మాట్లాడలేదు, అంటే పలకమీద రాయలేదు. కోపం ఎందుకంటే నువ్వన్నది నిజం. ఒక్కరే ఉంటారన్న సంగతి నాకు ముందే తెలుసు. నీకు చెబితే నన్ను మెప్పించడానికి రాస్తావేమోనని చెప్పలేదు. కొంత భయం కూడా ఉంది, కాదనను. గొంతు లేని కోచ్‌ని ఎవరు పెట్టుకుంటారు?

కోపంలోనే సెమీఫైనల్ మళ్లీ పెట్టాను. ఈసారి పంతానికి శబ్దం పెట్టి విన్నాను.

ఫరీన్ లైను పక్కనే కూర్చోవడం మంచిదైంది. మెహ్రీన్ అంతకు ముందు వెళ్లిన కూత విన్నాను. మొదట గట్టిగానే ఉంది. తర్వాత మాట మాటకూ మధ్య ఈల లాంటిది వచ్చింది. వెనక్కి వచ్చాక వంగి మోకాళ్లు పట్టుకుంది. ఇన్ని రోజులూ అలసట అనుకున్న ఆ వంగడం అలసట కాదు. శబ్దంతో మొదటి ఆట నుంచి అన్నీ విన్నాను. చలి ముదిరే కొద్దీ కూత పొట్టిదైపోయింది. నీ ఖాళీ కూతలన్నీ ఎందుకో అప్పుడు తెలిసింది బేటా. ఎదుటివాళ్లను తొందరపెట్టడానికే కాదు. మెహ్రీన్‌కు ఊపిరి కూడదీసుకునే సమయం కొనడానికి. బస్వమ్మ తెచ్చిన సున్నాలు అందుకే.

చలికాలం రజాయిల కాలం. మునీర్ దుకాణంలో దూది ఏకే మిషన్ దగ్గర సాయంత్రాలు ఎవరు కూర్చుంటారో ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. రెండూ కలిపి చూసుకోలేదు, అంతే.

మొన్న పొద్దున బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. మునీర్ కుర్చీ వేసి మొదలుపెట్టాడు. "మాస్టర్ సాబ్, గెలిసే ఆట పాయె. ఆ మేడం నా బిడ్డని ఉత్తగనే కూసోబెట్టింది." నేను పలక మీద రాసి చూపించాను: మెహ్రీన్‌ను పిలువు, నీ ముందర ఒక్క కూత.

జుట్టు నిండా దూది పీచుతో వచ్చింది. నన్ను చూసి తల దించుకుంది. కూత మొదలుపెట్టింది. ఆ పరుపుల మధ్య నిలబడి కాసేపైనా సాగించలేకపోయింది. మళ్లీ, అని చేయి ఊపాను. రెండోసారి ఇంకా ముందే తెగింది, ఆ ఈల శబ్దం తండ్రి చెవిన పడింది. కుడుతున్న సూది అతని చేతిలోనే ఆగిపోయింది.

"ఎప్పుడూ గిట్లనేనా?" అన్నాడు.

"మిషన్ కాడ కూసున్నంక గిట్లనే అబ్బా. మేడం దవాఖానకు తీస్కపోయింది. దూది పీచు పడదన్నరు. పీల్చే మందు మేడం బ్యాగులనే ఉంటది. ఆ రోజు మందుకు గూడ తగ్గలె. నేను పోతనన్న, మేడం పోనియ్యలె."

"మరి నాకెందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు ఆట బంద్ పెడ్తవ్. దుకాణం బంద్ పెట్టవు గద."

మునీర్ సూది పక్కన పెట్టాడు. లేచి వెళ్లి మిషన్ స్విచ్ తీసేశాడు. తర్వాత బిడ్డ తలలోని పీచు ఒక్కొక్కటే ఏరాడు. నిన్న పెద్ద డాక్టర్ దగ్గరికి తనే తీసుకువెళ్లాడు. దూదికి దూరంగా ఉండి, మందు సరిగా వాడితే ఆడవచ్చని చెప్పారట. మిషన్ దగ్గరికి పనివాణ్ణి పెట్టుకుంటున్నాడు. కమిటీకి ఇచ్చిన కాగితం కూడా వెనక్కి తీసుకున్నాడు. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పలేదు కాబట్టి మాట తప్పినట్టు కాదు. చెప్పింది ఆ పిల్లే.

ఇక రిపోర్టు. నెలాఖరున నా చేత్తోనే విరూపాక్ష గారికి ఇచ్చాను. పోయినేడు ఆరోగ్యంగా ఉన్న మెహ్రీన్‌తో నేను కప్పు తెచ్చానని, ఈ ఏడు సగం ఊపిరితో ఉన్న మెహ్రీన్‌ను నువ్వు సెమీఫైనల్ దాకా తెచ్చి, ప్రాణంతో ఇంటికి చేర్చావని రాశాను. రెండింట్లో ఏది గొప్ప సీజనో కమిటీకి వేరే చెప్పక్కర్లేదని కూడా రాశాను. ఇద్దరు కోచ్‌లు వద్దనుకుంటే ఒక్కరు చాలన్నాను. ఆ ఒక్కరుగా నీ పేరు రాసి, కింద సంతకం పెట్టి వచ్చాను. ఆయన చదివి, "మీరు బాగ ఆలోచించిన్రా సార్?" అని అడిగారు. తలూపాను. ఇప్పుడు నాకు వచ్చిన భాష అదే కదా.

నువ్వు నన్ను అన్న మాట మనసులో పెట్టుకోలేదు. అనాల్సిందే అన్నావు.

జూన్‌లో ప్రాక్టీసు మొదలైతే లైను పక్కన, ఫరీన్ కూర్చునే చోట, నాకొక కుర్చీ వేయించు. అరవడానికి రాను. వినడానికి వస్తాను.

నీ సమద్ సార్