మెడ ఎడమవైపు తిరుగుట గురించి

ఆరోగ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: డెబ్బై దాటినవారికి వెన్నుపూస సర్దే వైద్యం ఆపివేయుట, తత్ఫలితముగా నా మెడ మరల బిగుసుకొనుట గురించి.

ఈ అర్జీ వంటగట్టు మీద పెట్టి నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే మెడ లాగుతుంది, పడుకుంటే కలం సాగదు. మధ్యమధ్య పచార్లు చేస్తున్నాను గనుక అక్షరాలు వంకరపోతే మన్నించగలరు.

1. నేను రిటైరైన బస్సు డ్రైవరును. మెడ ఎడమకు తిరగడం మానేసింది. మాత్ర వేస్తే కడుపు మంట, మానితే మెడ మంట.

2. నా భార్యకు ఎడమ చెవి వినపడదు. అందుచేత కుడి చెవి నా వైపు ఉండేలా ఎప్పుడూ నా ఎడమపక్కనే కూర్చుంటుంది. ఆమెను చూడాలంటే బీరువా జరిపినట్టు నన్ను నేను జరుపుకోవాలి. చివరికి పాత బస్సు అద్దమొకటి తెచ్చి కుర్చీకి బిగించాను. "నేనేమన్నా వెనకాల వచ్చే లారీనా, అద్దంలో చూస్తున్నారు?" అంది. ఆ పూట అన్నం గిన్నె కాస్త గట్టిగానే కింద పెట్టింది.

3. తమ వృద్ధుల కేంద్రంలో వెన్నుపూసలు సర్దే కైరోప్రాక్టరు గారిని మేం మెటికల డాక్టరు అంటాం. "మెడ వదిలెయ్యండి పెద్దాయనా, ఇక్కడ బండి నడిపేది నేను" అంటూ మెల్లగా సర్దేవారు. కొన్నాళ్లకు మెడ తిరిగింది. ఇంటికెళ్లి, అలవాటుగా ఓ ఘాట్ రోడ్డు కథ చెబుతూ ఎడమకు చూశాను. ఆవిడ ఊ కొడుతోంది గానీ, ఊ పడాల్సిన చోట పడటం లేదు.

"కుడి చెవి కూడా పోయిందా? ఎన్నాళ్లయింది?" అన్నాను.

నా పెదాలకేసి చూసి, "మీ బస్సు కథలేగా, వినపడాలా ఏం?" అంది.

అద్దం పీకేశాను. అప్పటినుంచి ఆమెవైపు తిరిగే మాట్లాడేవాణ్ణి.

4. ఇంతలో ఎవరో పెద్దావిడకు వెన్ను సర్దుతుంటే పక్కటెముక చిట్లిందని డెబ్బై దాటినవారందరికీ ఆ వైద్యం ఆపేశారు. జాగ్రత్త తప్పనను. అయితే బస్సును కూడా పుట్టిన ఏడు చూసి మూల పడెయ్యరు. బ్రేకు తొక్కి చూస్తారు.

5. తమ గుమాస్తా గారు "ఎదురెదురు కుర్చీలు వేసుకోండి తాతగారూ" అని సెలవిచ్చారు. మా గది బస్సంత వెడల్పు, మోకాళ్లు కొట్టుకుంటాయి. పైగా అలా కూర్చుంటే కాపురంలా ఉండదు, విచారణలా ఉంటుంది.

కావున మా ఎముకలు పరీక్షించి, తట్టుకోగలవారికైనా ఆ వైద్యం చేయనివ్వ ప్రార్థన. నాకు పనికిరాదని తేలితే ఆ మాటా పరీక్షించాకే చెప్పండి. రోజురోజుకీ బిగుస్తోంది. పూర్తిగా బిగిసేలోపు తాము చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(ఎడమకు తప్ప ఎటైనా తిరగగల)
మాజీ బస్సు డ్రైవరు

తా.క.: అర్జీ పూర్తయ్యాక కుర్చీలో కూలబడి, పక్కనున్న మా ఆవిడకు మొత్తం చదివి వినిపించాను. "ఊ" అంది. విన్నదో లేదో, మెడ తిరిగితే గాని తెలియదు.