చెల్లి చేతికి మొదటి గాజు

అమ్మకు,

శ్రీను నమస్కారాలు. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లిని మెట్లు ఎక్కనివ్వకు. మేమిక్కడ బాగానే ఉన్నాం. బెంగళూరులో ముసురు వదలడం లేదు. ఇక్కడి సాంబారులో బెల్లం వేస్తారు, ఇంకా నోటికి ఎక్కలేదు.

ఆదివారం ఫోన్‌లో "శ్రీమంతానికి నువ్వొక్కడివే రా నాన్నా, పిల్లల్లేని మనిషి గాజులు తొడగకూడదంటారు కదా" అన్నావు. ఫోన్ స్పీకర్‌లో ఉందమ్మా. పద్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. విని కూడా తుంచుతూనే ఉంది. పనుందని చెప్పి ఫోన్ పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నేను ల్యాబ్‌లో చిట్టెలుకల్ని చూసుకుంటానని తెలుసుగా. వాటిలో ఒక జన్యువు పనిచేయని మగవి ఉన్నాయి. దిట్టంగా ఉంటాయి, బాగా తింటాయి, జత కడతాయి. పిల్లలు మాత్రం పుట్టవు. నీకు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, వాటిలో వీర్యకణాలు ఎదగకుండా సగంలోనే ఆగిపోతాయి. చేరిన కొత్తలో అది తెలియక, పిల్లలు పుట్టని కేజ్‌లో ఆడ ఎలుకను మార్చేశాను. కొత్తదానికీ పుట్టలేదు. మా మేడమ్ గారు నవ్వి, "మగదాన్ని చూశావా?" అన్నారు. ఆ మాట నన్ను వదల్లేదు.

పరీక్ష చేయించుకున్నాను. లోపం నాదేనమ్మా. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే క్రోమోజోములో చిన్న ముక్క నాకు పుట్టుకతోనే లేదట. మందులకు లొంగేది కాదన్నారు. కడుపుతో ఉన్నప్పుడు నువ్వేదో తిన్నావని ఏడవకు, నీ తప్పేం లేదు. పద్మ తప్పూ లేదు. దాన్ని రాజమండ్రి ఆసుపత్రులన్నీ తిప్పాం, ఉపవాసాలు చేయించాం. నాకు ఏడుపు ఆగడం లేదు. పిల్లలు పుట్టరని కొంత, ఇన్నేళ్లూ దాన్ని అననిచ్చినందుకు ఎక్కువ.

ఇది నీకు రాయొద్దంది పద్మ. "నేనెలాగూ పడుతున్నానండి, అలవాటైపోయింది. మిమ్మల్నెవరూ ఏమీ అనకూడదు" అంది.

మేమిద్దరం వస్తాం. పదిమందిలో పద్మను పిలిచి, చెల్లికి మొదటి గాజు దాని చేత తొడిగించు. ఎవరైనా అడ్డం చెబితే నా సంగతి చెప్పెయ్.

పెదనాన్నగారికి, అత్తయ్యకు నా నమస్కారాలు. నీ దీవెన ముందు పద్మకు, తర్వాత నాకు.

నీ కొడుకు
శ్రీను

చెల్లి కోసం పద్మ ఆకుపచ్చ గాజులు ఎప్పుడో కొని దాచింది. నీ ఫోన్ తర్వాత వాటిని నాకిచ్చి, మీరు తీసుకెళ్లండి అంది. నేను తేను. తనే తెస్తుంది.