బఠానీల సంచితో మీటింగుకి

తేదీ 14, ఆదివారం

చెల్లీ,

అక్క దీవిస్తూ రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. నీ మోకాళ్ళూ మరిదిగారి దగ్గూ ఎలా ఉన్నాయోనని ఒకటే బెంగ. ఉత్తరం చూడగానే కంగారుపడకు, ఇది మంచి కబురే. నా రాత కుదురుగా ఉండదు, ఓపిగ్గా కూడబలుక్కో.

మన గిన్నెకోడి, అదే నా మనవరాలు, ఫైర్ స్టేషన్లో చేరిందని చెప్పానుగా. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే, గ్యాస్ లీకైతే ఏం చెయ్యాలో మా బిల్డింగువాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలన్నారట ఆఫీసరుగారు. చంటిపిల్లల దగ్గర్నించి నాలాంటి ముసలివాళ్ళ దాకా అందరి బుర్రకీ ఎక్కాలట. నాకు అన్నం సయిస్తే ఒట్టు. అదేమో నోరు తెరిస్తే పుస్తకం చదివినట్టే మాట్లాడుతుందాయె.

వారమంతా నా ముందే వల్లె వేసింది. నేను బఠానీలు ఒలుస్తూ వినాలి. చేతులు ఆడుతుంటే అర్థమైనట్టు, ఆగితే కానట్టు. ఈ ఏర్పాటు దానిదే. వాయుసాంద్రత అంది, ఆగాను. జ్వలనశీలత అంది, మళ్ళీ ఆగాను. ఇలా అయితే కూర ఎప్పటికవుతుందే అమ్మమ్మా అని విసుక్కుంది. నీ మాట తేలికయినప్పుడే అన్నాను. గ్యాసు గాలికన్నా బరువెందుకో తెమిలేసరికే వారం గడిచింది. ఏం చెయ్యాలో దాకా రానేలేదు!

నిన్న మీటింగుకి మా బిల్డింగు హాలు నిండిపోయింది. నన్ను బఠానీల సంచీతో సహా ముందు వరసలో కూర్చోబెట్టింది. తెర మీద ఏవో గీతలూ బాణాలూ వేసి మొదలెట్టింది. మా పక్కింటి చెవిటి తాతగారు కునుకు తీస్తున్నారు. పిల్లలు కుర్చీల కింద దూరారు. ఆఫీసరుగారు ఒకటే గడియారం చూసుకోవడం. అంతలో నా చేతులు ఆగాయి. అది చూడనే చూసింది.

తెర ఆపేసి నా దగ్గరికొచ్చింది. అమ్మమ్మా, వంటింట్లో గ్యాసు వాసనొచ్చింది, ముందేం చేస్తావని అడిగింది. ఏముంది, లైటేసి చూస్తానన్నాను. అయితే ఇల్లు ఎగిరిపోయినట్టే అంది! హాలంతా ఒకటే నవ్వు. తాతగారు ఉలిక్కిపడి లేచారు. పక్కావిడ చెవిలో అరిచి చెబితే, నేనూ లైటే వేసేవాణ్ణే అని లబలబలాడారు.

అప్పుడు చెప్పింది చూడు. స్విచ్ ముట్టుకోవద్దు, వెయ్యనూ వద్దు, ఆర్పనూ వద్దు. సిలిండరు కట్టెయ్యి. తలుపులూ కిటికీలూ తియ్యి. బయటికి నడు. ఫోను బయటికెళ్ళాకే. అంతేనే! పిల్లలు పాటలా అందుకున్నారు. ఆఫీసరుగారు తాతగారినే నిలబెట్టి అడిగితే ఆయన గడగడా ఒప్పజెప్పారు. ఈ పిల్ల ఇక మా పిల్లే అన్నారు ఆఫీసరుగారు, అక్కడికక్కడే. ఇక రోజూ మంటల్లోకి పోతుందే అని నాకు కొత్త దిగులు పట్టుకుంది, అది వేరే సంగతి.

అమ్మమ్మ చేతులు ఆగబట్టే గట్టెక్కానని ఇంటింటికీ చెప్పుకుంటోంది. నువ్వు మాత్రం వానలో మేడెక్కకు, జారతావు.

నీ మీదే ప్రాణం పెట్టుకున్న
అక్క

తా.క.: దానికి చెప్పనని ఒట్టేసి ఇది చదువు. ఆ గీతలవైపు నేను చూడనే లేదే. ఎక్కడ తడబడుతుందోనని దాని మొహమే చూస్తూ, కంగారులో గబగబా ఒలిచేశాను. బఠానీలు అయిపోయాయి.